బొల్లికోడి గూట్లో ఎర్రగుడ్డ

పోయిన వారం మనం పెద్దకోడల్ని చిత్తడినేల గట్టు మీద, చేతిలో కొడవలితో నిలబెట్టి వదిలేశాం. పాపం, అలాగే నిలబడి ఉంది. మొగుడు పోయాక ఆమె మళ్లీ జమ్ము కొయ్యడానికి రావడం అదే మొదలు.

ఆ పోవడం ఎలాంటిదో కొత్తగా చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. పక్షుల కోసం అట్టేపెట్టిన నేల అది. మధ్యలో పెద్ద మడుగు, చుట్టూ మనిషెత్తు జమ్ము, కాలవ నీళ్లు లోపలికి రావడానికి ఒక తూము, ఆ తూముకో ఇనుప తలుపు. చెత్త అడ్డం పడితే మనిషే లోపలికి దిగి తియ్యాలి. దిగేవాడు ముందు తలుపు పక్కనున్న గుంజకి ఎర్రగుడ్డ కట్టాలి, పైకొచ్చాక తన చేత్తోనే విప్పుకోవాలి. గుడ్డ ఉన్నంతసేపు పైనుంచి దేవుడు దిగొచ్చి చెప్పినా తలుపు ఎత్తకూడదు. అక్కడ పనిచేసేవాళ్లకి అంతకి మించిన కట్టుబాటు లేదు. కిందటి కోతలు ముగింపుకొచ్చి, మడుగు నింపాల్సిన రోజుల్లో పెద్దోడు తూములోకి దిగాడు. సొంత తమ్ముడు, చిన్నోడు, పైన తలుపు ఎత్తాడు. గుంజకి గుడ్డ లేదు, లేదు కాబట్టే ఎత్తానని ఏడ్చాడు. పెద్దోడి మతిమరుపు ఎరగనివాళ్లు లేరు. అందరూ తలలూపి, అయ్యో అనుకుని, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

పెద్దకోడలు మాత్రం ఎక్కడికీ వెళ్లలేకపోయింది. ఆ పొద్దున్నే కదా, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాడని ఆమె మొగుణ్ని కడిగిపారేసింది. "ఆ తల మెడకి అతుక్కుని ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే దాన్ని కూడా ఎక్కడో పెట్టి మర్చిపోయేవాడివి!" అంది. అతను నవ్వి, తల ఉందో లేదోనని తడిమి చూసుకుని, చెప్పులేసుకుని వెళ్లాడు. అంతే. నా మాటే వాడి బుర్రలో తిరుగుతూ ఉండి గుడ్డ కట్టడం మర్చిపోయాడు, అని ఆమె తీర్మానించేసుకుంది. అప్పట్నుంచీ ఆమెకి ఏదీ తగలట్లేదు. ఉప్పు ఎక్కువైనా తెలీదు, తక్కువైనా తెలీదు. వేడి గిన్నె ఒట్టి చేత్తో దించేసి, చెయ్యి కాలిందని ఎవరో చెబితే అప్పుడు చూసుకుంటుంది. ఏడవమన్నారు, ఏడుపు రాలేదు. నిద్రపొమ్మన్నారు, పడుకుంది.

సరే, గట్టు మీదకి వద్దాం.

వానలు వెనకపట్టి, చలి ఇంకా ముదరని రోజులు. మడుగు అవతల, నీళ్లు బయటికి పోయే దారికి అడ్డం పెట్టిన చెక్కలు ఒక్కొక్కటే తీసి నీళ్లు దించారు. అడుగు బురద బయటపడి ఎండకి తళతళలాడుతోంది. ఆ బురద కోసమే ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చిన ఉల్లంకి పిట్టలు, పొడుగు ముక్కులు దింపుకుంటూ, లేపుకుంటూ, కుట్టుమిషను సూదుల్లాగా పని చేసుకుంటున్నాయి. ఇవాళ వాటిని లెక్కపెట్టే రోజు. అవతలి ఒడ్డున చెక్కలతో కట్టిన చాటుగదిలో దుర్భిణి మేడం, ఆవిడ వెనకే ఊపిరి బిగపట్టుకున్న పిట్టల పిచ్చోళ్లు నలుగురైదుగురు. మేడంకి ఆ పేరు ఊరికే రాలేదు. మెళ్లో దుర్భిణి నిద్రలో కూడా తియ్యదని, పక్క మీద అటు దొర్లితే దానికి కూడా దుప్పటి కప్పుతుందని చిన్నోడి జోకు.

పొద్దున్నే పనివాళ్లందర్నీ నిలబెట్టి ఆవిడ చెప్పింది. "ఇవాళ జమ్ము కోసే మెషిన్ బంద్. మాటలు బంద్. దగ్గొస్తే మింగండి, తుమ్మొస్తే ముక్కు మూసుకోండి. ఒక్క బాతు లేచిందంటే మంద మొత్తం లేస్తుంది, నా లెక్క మళ్లీ మొదటికొస్తుంది."

"మరి మా అమ్మ?" అన్నాడు చిన్నోడు.

అందరూ నవ్వారు. వాళ్లమ్మకి, అంటే మన పెద్దకోడలి అత్తకి, చూపు చిన్నది, గొంతు పెద్దది. కట్ట మీద నిలబడి ఆవిడ పిలిస్తే అవతలి ఊళ్లో వాళ్లు కూడా పలుకుతారు. ఏటా లెక్కల రోజున ఆవిణ్ని ఇంట్లోంచి కదలొద్దని బతిమాలుకోవాలి. "ఏం, నా గొంతు మీ పిట్టలకి పడదా? నా కొడుకులిద్దరూ ఈ గొంతు వినే పెరిగారు, ఒక్కడికైనా చెవుడొచ్చిందా?" అని ఏటా అదే జవాబు.

ఈ ఏడు కూడా చిన్నోడు రాత్రే చెప్పాడు, "అమ్మా, రేపు కట్ట మీదకి రాకు" అని. ఈ ఏడు ఆవిడ ఆ జవాబు చెప్పలేదు. "సరేలే" అంది. అనేసి, ఎప్పుడూ అనే ఆ మాటే అంది. "కడుపు నిండా తిని వెళ్లాడు నా బిడ్డ. అదొక్కటే నాకు మిగిలింది. నా కళ్లతో చూశా, ఇంట్లోకి వెళ్లాడు, తిన్నాడు, వెళ్లాడు."

ఆ మాట పెద్దకోడలు ఇన్ని నెలలుగా వింటూనే ఉంది. ఆ రోజు మొగుడు మధ్యాహ్నం ఇంటికి రానేలేదని ఆమెకి తెలుసు. కానీ ముసలి ప్రాణం ఏదో ఒకటి పట్టుకుని వేలాడాలి కదా అని ఊరుకుంది. నిజం చెప్పాలంటే, ఊరుకోవడం అని కూడా అనలేం. నోరు తెరిచి కాదనేంత ఓపిక ఆమెలో లేదు.

పొద్దున బయల్దేరేటప్పుడు అత్త పెరట్లో ఉంది. కొక్కేనికి వేలాడుతున్న పాత చొక్కా అందుకుని పెద్దకోడలు బట్టల మీద తొడుక్కుంది. జమ్ము ఆకు అంచు బ్లేడు లాంటిది, పొడుగు చేతులు లేకపోతే మోచేతుల దాకా గీసుకుపోతుంది. మొగుడి చొక్కా అది. కోతలకి ఎప్పుడూ అదే వేసుకునేది, అంచు వెలిసిపోయిన అతని టోపీ కూడా. వేసుకుంటే ఏమైనా అనిపిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసింది. ఏమీ అనిపించలేదు. గుండీలు పెట్టుకుని, టోపీ తలకెక్కించుకుని వచ్చేసింది.

మెషిన్ లేదు కాబట్టి కొడవలి. చిన్నోడు అవతల చెక్కల దగ్గర నాచు తీస్తున్నాడు. ఆమె ఒక్కతే జమ్ములోకి దిగింది. మోకాలి లోతు నీళ్లు, చల్లగా ఉండి ఉంటాయి. ఎడం చేత్తో పిడికెడు పట్టుకోవడం, కుడి చేత్తో లాగడం, పక్కకి వెయ్యడం. చేతులకి గుర్తుంది, అవే చేసుకుపోతున్నాయి. ఆమె ఎక్కడో ఉంది.

జమ్ము కోతకి ఒక పద్ధతుంది. మధ్యలో మొదలుపెట్టి బయటికి కోసుకుంటూ రావాలి. లోపల దాక్కున్న పిట్టో, కప్పో, పామో, ఏదైతేనేం, కొడవలికి ముందు ముందు జరుగుతూ అంచుల్లోకి పారిపోతుంది. బయట్నుంచి లోపలికి కోస్తే పాపం వాటికి దారి ఉండదు, చివరి గుబురులో చిక్కుకుపోతాయి. మామూలుగా మధ్యకి చిన్నోడు మెషిన్‌తో వెళ్లి అంతా ముక్కముక్కలు చేసేసేవాడు. కొత్తగా చేరినవాళ్లకి ఈ పద్ధతి నేర్పించేది పెద్దకోడలే. అలాంటిది ఇవాళ గట్టు పక్కనే మొదలుపెట్టింది. చుట్టూ కోసుకుంటూ కోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

చిన్నోడు చూసి, నాచు చేతులతోనే నీళ్లలో అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు.

"వదినా!" గుసగుసగా అన్నాడు. "బయట్నుంచి కోస్తున్నావేంటి? మధ్యలో ఏవైనా ఉంటే ఎటు పోతాయి?"

ఆమె చుట్టూ చూసింది. నిజమే. చుట్టూ మోళ్లు, మధ్యలో ఒక్క గుబురు మిగిలింది. అందులోంచి ఏదీ పారిపోలేదు, అంటే ఏదీ లేదనైనా అనుకోవాలి, బిక్కచచ్చి కూర్చుందనైనా అనుకోవాలి.

"చూస్తానుండు" అని వంగి, రెండు చేతులతో జమ్ముని పాయ తీసినట్టు తీసింది.

లోపల గూడు. బొల్లికోడిది. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద సున్నం బొట్టు పెట్టినట్టు తెలుపు, ఆ పిట్టది. ఎండు జమ్ము ఆకులు బుట్టలా అల్లి, నీటి మీద తేలేలా కట్టింది. పిల్లలు ఎప్పుడో ఎదిగి వెళ్లిపోయాయి. నీళ్లు తగ్గేసరికి గూడు గుబురు మధ్య మెరక మీద చతికిలబడి ఉంది. బొల్లికోడికి కనపడిందల్లా గూట్లో వేసుకునే బుద్ధి. ప్లాస్టిక్ కవరు ముక్క, ఎవరిదో చెప్పు పట్టీ. వాటి మధ్య, ఆకుల అల్లికలో లోపలికీ బయటికీ దూరిన ఎర్రగుడ్డ.

పెద్దకోడలు లాగింది. రాలేదు. గూడు అంచు విప్పి, ఆకులు ఒక్కొక్కటి తప్పించి, మెల్లగా బయటికి తీసింది. రంగు దిగిపోయింది, ఒక పక్క నాచు పట్టింది. కానీ ముడి అలాగే ఉంది.

ఆ ముడిని ఆమె చీకట్లో తడిమినా గుర్తుపడుతుంది. ఒకసారి వేసి, దాని చుట్టూ ఇంకోసారి తిప్పి, కొసలు రెండూ లోపలికి దోపేస్తాడు. మూట కట్టినా అదే ముడి, సంచి కట్టినా అదే ముడి. పెళ్లైన కొత్తలో పళ్లతో లాగి లాగి పన్ను కదిలించుకుంది. "నువ్వు కట్టింది విప్పాలంటే మళ్లీ నువ్వే పుట్టాలి" అని ఎన్నిసార్లు తిట్టిందో. ఇప్పుడా ముడి బిగువు సడలకుండా ఉంది. తెగింది వేరే చోట, ముడికి సరిగ్గా ఎదురుగా, గుంజ వెనక వైపుకి వచ్చే చోట. చిరుగు కాదు అది. చిరిగితే పోగులు వేలాడతాయి. ఇది కొడవలి పెట్టి ఒక్క లాగు లాగితే వచ్చే కోత.

ఆమె గుడ్డ చాపి చూపించింది.

"ఇదేంటి చిన్నోడా?"

చిన్నోడు చూసిన చూపు చూస్తే చాలు. అయినా నోరు ఊరుకోదు కదా. "ఏదో గుడ్డ. కాలవలో ఏవేవో కొట్టుకొస్తాయి వదినా. కవర్లు, చెప్పులు..."

"ముడి చూడు."

చూడలేదు. అవతల చాటుగది వైపు చూశాడు. అక్కడ కిటికీలోంచి మేడం చెయ్యి ఒకటి బయటికొచ్చి, మాటలొద్దన్నట్టు ఊగి, లోపలికి పోయింది.

ఏం గొడవండీ అది! అరవడానికి వీల్లేదు, గుండె బాదుకోవడానికి వీల్లేదు. పిట్టలు లేస్తాయి. ఇద్దరూ మోకాళ్ల లోతు నీళ్లలో, ఎవరైనా చూస్తే ఏ కూలి పని గురించో మాట్లాడుకుంటున్నారనుకునేలా, పెదాలతో మాత్రమే మాట్లాడుకున్నారు.

"మీ అన్న తిరిగి విప్పడం మర్చిపోయేవాడు" అంది ఆమె. "పైకొచ్చేసి, గుడ్డ గుంజకే వదిలేసి ఇంటికొచ్చేవాడు. ఎన్నిసార్లు నువ్వు తీసుకొచ్చి వాడి మొహాన కొట్టలేదూ? కానీ కట్టడం మర్చిపోవడం ఎప్పుడైనా చూశావా నువ్వు? నేను చూశానా? అదేంటో, ఇన్నాళ్లూ నాకు ఆ ముక్క తట్టనే లేదు."

"వదినా..."

"కట్టాడు కదా?"

చిన్నోడు కోసి పడేసిన జమ్ము మోపు మీద కూలబడ్డాడు. మోపు నీళ్లలోకి కుంగింది. నడుం దాకా తడిసినా లేవలేదు.

"కట్టాడు" అన్నాడు. "నేనే కోశాను."

కోపం వస్తుందేమోనని పెద్దకోడలు ఎదురుచూసింది. బస్సు కోసం చూసినట్టు చూసింది. రాలేదు. బురదలో ఒక ఉల్లంకి ముక్కుతో పురుగుని లాగుతోంది, అది సాగుతోంది, తెగట్లేదు. దాన్ని చూస్తూ, "చెప్పు" అంది.

"కాలవలో నీళ్లు వదిలారని కబురొచ్చింది. ఆ పూటకి తలుపు ఎత్తకపోతే మళ్లీ వారానికి గానీ వంతు రాదు. వెళ్లి చూస్తే గుంజకి గుడ్డ ఉంది. పిలిచా వదినా. ఒట్టు, తూములోకి వంగి రెండుసార్లు పిలిచా. పలకలేదు. లోపల నీటి హోరుకి వినపడి ఉండదు. అప్పుడే... అప్పుడు క్యారియర్ పట్టుకుని..." ఆగిపోయాడు.

"ఎవరు?"

"అమ్మ."

గాలి వచ్చి జమ్ము ఒకసారి ఇటు వాలి మళ్లీ లేచింది.

"అన్న పైకొచ్చాడా అమ్మా, అని అడిగా. 'ఇప్పుడే ఇంట్లోకి వెళ్లాడురా, కట్ట మీంచి వెనక్కి తిరిగి చూశా, పిలిస్తే పలకనన్నా పలకలేదు, పొద్దున పెళ్లాం మీద అలక ఇంకా తీరినట్టు లేదు' అని నవ్వింది. నేనూ నవ్వా. మళ్లీ గుడ్డ మర్చిపోయాడు చూడు, అనుకున్నా. విప్పుదామంటే ముడి తడిసి బిగుసుకుపోయింది. నీకు తెలుసుగా ఆ ముడి. చేతిలో కొడవలి ఉంది. అమ్మ అటు వెళ్లాక కోసి పడేసి తలుపు ఎత్తా."

"గుడ్డ లేదని ఎందుకు చెప్పావు?"

"ఉందని చెబితే, ఉన్నా ఎందుకు ఎత్తావంటారు. అమ్మ చెప్పిందనాలి. ఎలా అనను?" అతను నాచు చేతులతోనే మొహం తుడుచుకున్నాడు. "అమ్మకి తెలీదు వదినా. వాడు ఇంటికొచ్చి, తిని, మళ్లీ వచ్చి దిగాడనుకుంటోంది. తన మాట విని నేను ఎత్తానని తెలీదు. తను చూసింది ఎవర్నో నాకూ తెలీదు. ఆ కళ్లకి ఏం కనపడిందో! వాడైతే తూములోనే ఉన్నాడు కదా. ఇన్నాళ్లూ అదే నన్ను తినేస్తోంది. వాడు కాకపోతే, మన ఇంట్లోకి వెళ్లిందెవరు?"

పెద్దకోడలు ముడి మీద బొటనవేలు పెట్టి రాస్తూ ఉంది. నాచు పోయి, కింద ఎరుపు తేలుతోంది. కట్టాడు. మర్చిపోలేదు. నా మాట వాడి తల తినెయ్యలేదు. నవ్వుకుంటూ వెళ్లి, పద్ధతిగా గుడ్డ కట్టి, కొసలు లోపలికి దోపి మరీ దిగాడు. ఇన్ని నెలల బరువు దిగితే మనిషి తూలిపోవాలి కదా. ఆమె తూలలేదు. చుట్టూ కోసేసిన జమ్ములో మధ్య గుబురులా నిలబడిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె కూడా కోతలోనే ఉంది, ఈ పక్కనే. వేలు తెగింది. కట్టు కట్టుకుందామని ఇంటికి వెళ్లింది. వెనకనుంచి కట్ట మీద ఎవరో అరిచినట్టు వినపడింది. అత్త గొంతే. ఏదో పని పురమాయిస్తుందిలే, పొద్దున్నుంచీ చిరాగ్గా ఉంది, పలికితే ఇంకో గంట, అనుకుని తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో నిలబడే నాలుగు మెతుకులు తిని, తిన్న పళ్లెం అత్త కళ్లబడేలా తొట్టిలో పడేసి, వెనక గుమ్మంలోంచి మళ్లీ కోతకి వచ్చేసింది. చొక్కా విప్పలేదు. టోపీ తియ్యలేదు.

ఆమె తల దించి చూసుకుంది. పొడుగు చేతులు. పైనుంచి రెండో గుండీ ఊడితే తనే కుట్టిన నల్ల గుండీ. మిగతావన్నీ తెలుపు.

అప్పుడు తగిలింది. ఎక్కడో గుండెలో కాదు, చేతి మీద. పొద్దున్నుంచీ జమ్ము ఆకు గీసిన గీతలు, మణికట్టు దగ్గర, వేళ్ల మధ్య, ఒక్కసారిగా అన్నీ భగ్గుమన్నాయి. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఎంత చల్లగా ఉన్నాయంటే పాదాలు తిమ్మిరెక్కాయి. ఎప్పట్నుంచి ఉన్నాయో ఇంత చల్లగా!

చిన్నోడు తల ఎత్తాడు. వదిన తన చొక్కా వంక ఎందుకు చూసుకుంటోందా అని అతనూ చూశాడు. ముందు ఊరికే చూశాడు. తర్వాత టోపీ చూశాడు.

"వదినా... ఆ రోజు కూడా నువ్వు ఈ..."

"ఊఁ" అంది ఆమె.

ఇద్దరూ ఒక్కటే ఆలోచించారు, పైకి అనలేదు గానీ. ఇంట్లోకి వెళ్లింది ఎవరో చెప్పాలంటే, తిన్నది ఎవరో కూడా చెప్పాలి. కడుపు నిండా తిని వెళ్లాడు నా బిడ్డ, అని రోజూ దీపం పెట్టుకున్నట్టు ఆ మాట పెట్టుకుని బతుకుతున్న ముసలావిడ చేతిలోంచి అది లాగెయ్యాలి. లాగితే ఆవిడకి మిగిలేది, ఖాళీ కడుపుతో నీళ్లలో పోయిన కొడుకు, ఆ నీళ్లు వదిలించిన తన మాట.

"అమ్మకి చెప్పొద్దు" అన్నాడు చిన్నోడు. "నీ కాళ్లు పట్టుకుంటా. కావాలంటే అందరి ముందూ నేనే అబద్ధమాడానని ఒప్పుకుంటా. గుడ్డ ఉన్నా పొగరుబట్టి ఎత్తానంటా. అన్న మర్చిపోలేదని ఊరంతా చెబుతా. అమ్మ ఊసెత్తొద్దు."

"అప్పుడు నిన్నేం చేస్తారు?"

"ఏదైతే అదవుతుంది."

ఆమె గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. మడతల్లోంచి నీళ్లు కారాయి. పొద్దున పాల గిన్నె అడుగంటిన వాసన, ఆ రోజుటిది, ఇప్పుడు ముక్కుకి తగిలినట్టయింది. ఏదో అనబోయింది.

అప్పుడే కట్ట మీద అలికిడి.

రావద్దన్నా వచ్చింది అత్త. పాపం, అరవకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ వస్తోంది, రెండో చేతిలో క్యారియర్. ఇంట్లో ఒక్కతీ ఉండలేకపోయిందేమో. కట్ట మలుపు తిరిగి, కోసేసిన జమ్ము మధ్యకి చూసింది. ఎండ కళ్లలో పడుతోంది. క్యారియర్ కింద పెట్టి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందుకి వంగింది. నీళ్ల మధ్య పొడుగు చేతుల చొక్కా, వెలిసిన టోపీ, నిలబడిన మనిషి.

కొంగు నోటి మీంచి జారిపోయింది.

"పెద్దోడా!"

ఆ గొంతుకి మడుగంతా లేచింది. ఉల్లంకులు, బాతులు, బొల్లికోళ్లు, ఏదేమిటో తెలీకుండా ఆకాశం ఒక్కసారిగా రెక్కల చప్పుడుతో నిండిపోయింది. చాటుగది తలుపు తోసుకుని దుర్భిణి మేడం బయటికొచ్చి, అరవబోయి, ముసలావిణ్ని చూసి ఆగిపోయింది.

అత్త కట్ట దిగుతోంది. చెప్పులు జారుతున్నా చూసుకోవట్లేదు. కళ్లు చొక్కా మీదే ఉన్నాయి.

"ఆ రోజు పిలిస్తే పలకలేదేంరా?" అంటోంది. "తిన్నావా నాన్నా? తిన్నావు కదూ?"

పెద్దకోడలి చెయ్యి టోపీ మీదకి వెళ్లింది. తీస్తే మొహం కనపడుతుంది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. రెండో చేతిలో ఎర్రగుడ్డ. పైన పిట్టలు ఇంకా దిగలేదు.

అత్త నీళ్లలోకి అడుగు పెట్టింది.